వాసన పోతే మందు పోయినట్టేనా?

మామయ్య: పాత గోడౌను పక్కనున్న చేను జోలికి ఎవరూ వెళ్లొద్దంటాను. తవ్వకాలొద్దు, మట్టిని లారీలకెత్తే పనులొద్దు. ఏళ్ల తరబడి అందులో పత్తి వేశాం. కాయతొలిచే పురుగు కనిపిస్తే చాలు, ఒక రోజు బి.హెచ్.సి. పొడి, ఇంకో రోజు డి.డి.టి. నీళ్లు. దేశం మొత్తం సాగుభూమిలో పత్తి వాటా 5 శాతమైతే, పురుగుమందుల్లో దాని వాటా దాదాపు సగమని చెప్పుకునే రోజులవి. మన రాజపాళయం ఆ లెక్కకు బయట ఉన్న ఊరేం కాదు. సరే, వ్యవసాయంలో డి.డి.టి. 1989లో ఆగింది, బి.హెచ్.సి. 1997లో ఆగింది. ఇప్పుడా మట్టి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకో. బి.హెచ్.సి.లోని ఆ గమాక్సిన్ వాసన ఏదీ? మట్టిలోని బ్యాక్టీరియా తినేసింది. ఊరికే జరిగిపోతున్న పనికి మళ్లీ కూలిడబ్బులు ఎందుకు?

మేనకోడలు: వాసన పోయిన మాట నిజమే మామయ్యా. ఎటు పోయిందన్నదే నా ప్రశ్న. చిదంబరం దగ్గర పరంగిపేటలో అణ్ణామలై విశ్వవిద్యాలయం వాళ్ల సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు, జపాన్‌లోని ఎహిమే విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన తనబే బృందం కలిసి వెల్లారు నది వెంబడి ఈ మందుల లెక్క తీశారు. వరిమళ్లలో బి.హెచ్.సి. చల్లి, నీళ్లలో ఎంత, మట్టిలో ఎంత, గాలిలో ఎంత అని కొలిచారు. అత్యధిక భాగం గాలిలోకే లేచిపోయింది. మన ఎండలకు ఆ మందు మట్టిలో నిలవదు. ఎక్కడో చలి ఉన్న చోట మళ్లీ దిగుతుంది. దాన్ని ఎన్నడూ చల్లని ఆర్కిటిక్‌లో సీల్ జంతువుల కొవ్వులో అది దొరికింది అందుకే. మీ చేను శుభ్రపడి ఉండొచ్చు. దానికి బ్యాక్టీరియాకు బిరుదివ్వడం మాత్రం తొందరపాటు.

మామయ్య: గాలికి పోయిందే అనుకుందాం. అయితే మట్టిలో అసలేం జరగలేదంటావా?

మేనకోడలు: అనను. జరిగింది. ఎంత జరిగింది, దేనికి జరిగింది అన్నదగ్గరే మీకూ నాకూ పేచీ.

మామయ్య: నేనూ మన రాజుల కాలేజీలో కెమిస్ట్రీ చదివినవాణ్నే, కాస్త వివరంగానే మాట్లాడుకుందాం. కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ ఉంది. మన ఊరి పి.ఎస్. కుమారస్వామి రాజాగారు మద్రాసు ముఖ్యమంత్రి పదవి అయ్యాక గవర్నరుగా వెళ్లింది ఆ ఒరిస్సాకే కాబట్టి, నాకా ఊరి పేరు వింటే కాస్త మనవాళ్ల ఊరనిపిస్తుంది. అక్కడ సేతునాథన్ బృందం చెరకు వేళ్ల చుట్టూ ఉన్న మట్టిలోంచి ఒక బ్యాక్టీరియాను పట్టుకుంది. 1990లో ప్రకటించారు. ఇప్పుడు దాని పేరు స్ఫింగోబియం ఇండికం బి90ఎ. అది చేసే పని చూడు. బి.హెచ్.సి. అంటే ఆరు కార్బన్ల వలయం, ఒక్కో కార్బన్‌కు ఒక్కో క్లోరిన్. లిన్-ఎ అనే ఎంజైము ఒక క్లోరిన్‌ను, పక్క కార్బన్ మీది ఒక హైడ్రోజన్‌ను జతగా లాగేస్తుంది. అలా రెండుసార్లు. తర్వాత లిన్-బి వచ్చి నీటి అణువును వాడుకుని, క్లోరిన్ ఉన్న చోట హైడ్రాక్సిల్ పెడుతుంది. ఆ పైన మరికొన్ని ఎంజైములు మిగిలిన క్లోరిన్లను తీసి వలయాన్ని తెరిచేస్తాయి. చివరికి మిగిలిన ముక్కల్ని ఆ కణం తన తిండిగా వాడుకుంటుంది. మనం విషమని పాతిపెట్టింది దానికి భోజనం! ఇంతటి పనివాడు మట్టిలో ఉండగా, విషవ్యర్థాలు పూడ్చే గుమ్మిడిపూండి గుంతకు లారీలు తోలమంటావా?

మేనకోడలు: ఆ బ్యాక్టీరియా గురించి మీరు చెప్పిన ప్రతి మాటా సరే. ఇంకొకటి నేనే మీ వైపు కలుపుతాను. జపాన్‌లో మెట్టచేను నుంచి ఒకటి, ఫ్రాన్స్‌లో ఒకటి, మన దగ్గర ఒకటి, వేరువేరు చోట్ల దొరికిన ఈ జాతులన్నిట్లో దాదాపు ఒకే లిన్ జన్యువులున్నాయి. వాటి పక్కనే ఐ.ఎస్.6100 అనే ఎగిరే జన్యుముక్క ఉంది. అంటే బి.హెచ్.సి. వాడకం మొదలైన 1940ల నుంచి లెక్కేసినా, కొన్ని దశాబ్దాల్లోనే ఈ విద్య ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకిందన్నమాట. నాకు దాన్ని చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ మీరు చేలో చల్లింది ఒక్క రసాయనం కాదు మామయ్యా. ఆ తెల్లపొడిలో పురుగును చంపేది గామా రూపం ఒక్కటే, అదీ 10 నుంచి 15 శాతం. 60, 70 శాతం ఆల్ఫా. ఇంకా బీటా, డెల్టా. పురుగుకు అక్కర్లేని సరుకును మోసుకొచ్చి మట్టికి పెట్టాం. ఆ బీటాలో ఆరు క్లోరిన్లూ వలయం అంచు వెంబడి చదునుగా పరుచుకుని ఉంటాయి. లిన్-ఎ జతగా లాగడానికి క్లోరిన్‌కు ఎదురుదిక్కుగా హైడ్రోజన్ నిలబడి ఉండాలి, బీటాలో ఆ అమరికే లేదు. లిన్-బి మాత్రం కొంత చేస్తుంది, ఒకటో రెండో క్లోరిన్లు తీసి అక్కడితో ఆగుతుంది. తల్లిపాలలో, మన కొవ్వులో ఎక్కువగా మిగిలేది బీటాయే. మీ బ్యాక్టీరియా తేలికైన ముక్కలు తిని, కష్టమైనదాన్ని మన పిల్లలకు వదిలింది.

మామయ్య: బాగా కొట్టావు. అయినా ఒకటి చెప్పనీ. క్లోరిన్ ఉన్న సేంద్రియ పదార్థం అంటే మనిషి ఫ్యాక్టరీలో పుట్టించిన భూతం, ప్రకృతికి అది కొత్త అని మీ తరం వాళ్లు మాట్లాడతారు. యల్లాప్రగడ సుబ్బారావు భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ పరిశోధనకు పెద్దగా ఉన్నప్పుడు, 1948లో అక్కడినుంచి ఆరియోమైసిన్ బయటికొచ్చింది. డగ్గర్ దాన్ని మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి తీశాడు. దాని ఇంకో పేరు క్లోర్‌టెట్రాసైక్లిన్. అందులో క్లోరిన్ ఎవరు పెట్టారు? బ్యాక్టీరియాయే. టైఫాయిడ్‌కు వాడిన క్లోరాంఫెనికాల్‌లో క్లోరిన్ ఎవరు పెట్టారు? అదీ మట్టిజీవమే. ఇలాంటి హాలోజన్ పదార్థాలు ప్రకృతిలో వేలకొద్దీ ఉన్నాయి. పెట్టగలిగిన లోకానికి తీయడం రాకుండా ఉంటుందా? క్లోరిన్ బంధాన్ని విప్పే విద్య మన మిల్లుల కన్నా, మన పాళేల కన్నా, మనం విజయనగరం వైపు నుంచి ఇక్కడికి రావడం కన్నా ఎంతో పాతది.

మేనకోడలు: విద్య పాతదే. పాఠం కొత్తది. అది మీ మిల్లు కథలోనే ఉంది. రాజపాళయం మిల్స్ మొదలైంది 1936లో కదా?

మామయ్య: అవును, పి.ఎ.సి. రామస్వామి రాజాగారు పెట్టారు.

మేనకోడలు: పెంటాక్లోరోఫినాల్ ప్రపంచంలోకి వచ్చిందీ 1936లోనే. చెక్క కుళ్లకుండా వాడేవాళ్లు. తర్వాత నూలు పరిశ్రమకు అబ్బింది, సైజింగులో పెట్టే గంజికి బూజు పట్టకుండా కలిపేవాళ్లు. జర్మనీ 1989లో దాన్ని నిషేధించాక, ఎగుమతి బట్టల్లో దాని జాడ వెతకడం మొదలైంది. 2015లో స్టాక్‌హోమ్ ఒప్పందం జాబితాకు ఎక్కింది. దీన్ని తినే బ్యాక్టీరియా ఉంది, స్ఫింగోబియం క్లోరోఫెనోలికం. కొలరాడో విశ్వవిద్యాలయంలో షెల్లీ కోప్లే ఆ జీవి మీద ఏళ్లపాటు పని చేసింది. ఆమె చూపించింది ఏమిటంటే, ఆ దారి ఇంకా సరిగ్గా కుదురుకోలేదు. మొదటి ఎంజైము చాలా మెల్లగా కదులుతుంది, పైగా అది పుట్టించే పదార్థం కణానికే హాని చేసేంత చురుకైనది. ఇంకో ఎంజైము తాను విరవాల్సిన పదార్థం పోగుపడితే తనే స్తంభించిపోతుంది. వేరే పనికి ఉన్న ఎంజైముల్ని పోగుచేసి ఎలాగోలా నడుపుతోంది ఆ కణం. విషం కాస్త ఎక్కువైతే అదే చచ్చిపోతుంది. బ్యాక్టీరియాకు తెలుసు అని మీరు నమ్మకంగా అనే చోట, నేర్చుకుంటోంది అని నేనంటాను.

మామయ్య: నేర్చుకుంటోంది అంటే రేపు నేర్చుకుంటుంది. దానికి మనం టైమివ్వాలి.

మేనకోడలు: ఎవరి టైము మామయ్యా? డి.డి.టి. సంగతి చూడండి. గాలి తగిలే మట్టిలో అది డి.డి.ఇ. అవుతుంది. ఒక క్లోరిన్ పోయింది, కాగితం మీద డి.డి.టి. తగ్గింది. కానీ డి.డి.ఇ. ఇంకా మొండిది, గద్దల గుడ్ల పెంకులు పల్చబడి పగిలిపోయింది దానివల్లే. దశాబ్దాలు గడిచినా మట్టిలో దొరుకుతుంది. "విరిగింది" అన్న ఒక్క మాటతో రిపోర్టు రాస్తే డి.డి.టి. శుభ్రమైనట్టు ఉంటుంది.

మామయ్య: అందుకే నేను ఊరికే వదిలేయమనడం లేదు. మొదట ఆ మాట అన్నాను, వెనక్కి తీసుకుంటున్నాను. నా అసలు ఆలోచన విను. ఈసారి కణ్మాయి చెరువు నిండితే ఆ చేనుకు గట్లు వేసి, నీళ్లు నిలబెట్టి, పేడా గడ్డీ దున్ని వరి నాటు వేస్తాను. పత్తి చేలో గాలి ఆడుతుంది, వరిమడి నీళ్ల కింద ఆడదు. ఆక్సిజన్ లేని చోట వేరే రకం పనివాళ్లు దిగుతారు. 1966లోనే ఫిలిప్పీన్స్‌లోని వరి పరిశోధన సంస్థ నుంచి రఘు, మెక్‌రే ఇద్దరూ సైన్స్ పత్రికలో రాశారు. నీళ్లు నిలిపిన మట్టిలో గామా బి.హెచ్.సి. ఎంత త్వరగా విరిగిపోతుందో చూపించారు. అదే మట్టిని కాచి క్రిములను చంపేసి చూస్తే మందు అలాగే ఉండిపోయింది. రెండోసారి మందేస్తే ఇంకా వేగంగా పోయింది కూడా, ఎందుకంటే ఆ పని చేసే క్రిములు అప్పటికే పెరిగి ఉన్నాయి. ఇక్కడ గాలి వాదన నిలవదు తల్లీ. కాచిన మట్టికీ కాచని మట్టికీ గాలి ఒకటే.

మేనకోడలు: ఇది మంచి ప్రయోగం, నేను ఒప్పుకుంటాను. పైగా గాలి లేనప్పుడు ఆల్ఫా, గామాలు వేగంగా పోతాయి, బీటా కూడా కాస్త కదులుతుంది. ఆ మట్టుకు మీ వరిమడి నా ల్యాబు కన్నా పెద్ద పని చేస్తుంది. డి.డి.టి. మాత్రం నీళ్ల కింద డి.డి.డి. అవుతుంది, అదీ సులువుగా పోదు. ఇంకో చిక్కు ఉంది. మన కరిసల్ నేల సంగతి మీకు తెలుసు. గంజి పట్టిన నూలులోంచి గంజి వదిలించడానికి మీరు పడే పాట్లు ఎన్ని! ఏళ్ల తరబడి ఉన్న మందును నల్లరేగడి బంకమట్టి అలాగే పట్టేస్తుంది. సన్నటి రంధ్రాల్లో, సేంద్రియ పదార్థంలో ఇరుక్కున్న అణువు దగ్గరికి బ్యాక్టీరియా చేరలేదు. నీళ్లలో కరిగి బయటికి వచ్చినంతవరకే దాని భోజనం. కొత్తగా చల్లిన మందు మీద చేసిన ప్రయోగం ఫలితం, నలభై ఏళ్ల పాత మందుకు అప్పగించలేం.

మామయ్య: ఇరుక్కుని బయటికి రానిది మనిషికి మాత్రం ఎలా వస్తుంది? మొక్కకు ఎలా ఎక్కుతుంది? బ్యాక్టీరియాకే అందనిది నీళ్లలోకి పోదు, ధాన్యంలోకీ పోదు. నువ్వు చెప్పిన చిక్కే నాకు రక్షణ.

మేనకోడలు: కొంతవరకు నిజం. మేకలు, కోళ్లు మట్టిని మింగుతాయి, పిల్లలు వేళ్లు నాకుతారు. కడుపులో పైత్యరసం, కొవ్వు ఉంటాయి కాబట్టి మట్టి విడవనిది అక్కడ విడుస్తుంది. అయినా మీ మాటలో బలం ఉంది. మట్టిలో మొత్తం ఎంతుందన్నది కాదు, అందులో అందేది ఎంతన్నదే కొలవాలి. చాలామంది కన్సల్టెంట్లు ఈ తేడా పట్టించుకోరు.

మామయ్య: నీ నోట ఆ మాట విన్నాను, చాలు. ఇప్పుడు పెద్ద ఉదాహరణ చెబుతాను. యంత్రభాగాల జిడ్డు తీసే ట్రైక్లోరోఇథిలీన్, డ్రైక్లీనింగు వాళ్ల టెట్రాక్లోరోఇథిలీన్, ఇవి ప్రపంచంలో ఎన్ని ఊళ్ల భూగర్భజలాల్ని పాడుచేశాయో నీకు తెలుసు. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇథాకా మురుగునీటి కేంద్రం బురదలోంచి తీసిన ఒక బ్యాక్టీరియాను సైన్స్ పత్రికలో ప్రకటించారు. డీహాలోకోకాయిడిస్. మనం ఆక్సిజన్ పీల్చినట్టే అది క్లోరిన్ పదార్థాన్ని పీలుస్తుంది. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ తీసుకుని క్లోరిన్ పదార్థానికి ఇస్తుంది, ఒక్కో క్లోరిన్ ఊడిపోయి నీళ్లలోకి వెళుతుంది. నాలుగు క్లోరిన్ల దగ్గర మొదలుపెట్టి చివరికి ఇథిలీన్. అంటే మామిడికాయను పండబెట్టే వాయువు! మురుగునుంచి పుట్టిన ఒక చిన్న ప్రాణి ఇంత చేస్తుంటే…

మేనకోడలు: మధ్యలో ఒక మెట్టు మింగేశారు. నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఆ ఒక్క క్లోరిన్ దగ్గర ఉన్న పదార్థం పేరు వినైల్ క్లోరైడ్. మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. చాలా చోట్ల బ్యాక్టీరియాలు రెండు క్లోరిన్ల దగ్గరో, ఈ వినైల్ క్లోరైడ్ దగ్గరో ఆగిపోతాయి, చివరిదాకా తీసుకెళ్లే జాతి అక్కడ ఉండదు. మొదటి మందు తగ్గిందని రిపోర్టు వస్తుంది, బావిలో అంతకన్నా చెడ్డది ఉంటుంది.

మామయ్య: ఆగిపోతే లేనిదాన్ని తెచ్చి వేయొచ్చు కదా. టెక్సాస్‌లోని కెల్లీ వైమానిక స్థావరంలో సరిగ్గా అదే చేశారు. ఆహారం ఇస్తే పని రెండు క్లోరిన్ల దగ్గరే ఆగింది. టొరంటోలో పెంచిన కెబి-1 అనే కల్చర్ వేస్తే 200 రోజుల్లో ఇథిలీన్ దాకా వెళ్లింది. 2002లో ప్రచురించారు. వేయని చోట ఆగింది, వేసిన చోట పూర్తయింది. ఇంతకన్నా తేటగా ఏ ప్రయోగం చెబుతుంది?

మేనకోడలు: తేటగానే చెప్పింది, నేను క్లాసులో అదే చెబుతాను. అక్కడ ఏముందో కూడా చెబుతాను. లోతు తెలిసిన బావులు, నీటి వేగం కొలిచే మనుషులు, ప్రతి వారం నమూనాలు, ఆక్సిజన్ తగలకుండా కల్చర్ దింపే పరికరాలు. ఆక్సిజన్ తగిలితే ఆ ప్రాణి బతకదు. కెల్లీలో పని చేసింది బ్యాక్టీరియా ఒక్కటే కాదు, దాన్ని కాపలా కాసిన జట్టు కూడా. మన దగ్గర ఏజెంటు ఒక డ్రమ్ము అమ్ముతాడు, కాలువలో పోయమంటాడు, ఇన్వాయిసు ఇచ్చి వెళ్లిపోతాడు. డ్రమ్ములో ఉన్నది బతికుందా, అది ఏ జాతి, మీ నీళ్లలో ఉన్న రసాయనం దానికి పడుతుందా, ఎవరూ చూడరు. ఇక మీ బ్లీచింగ్ యార్డు సంగతికి వద్దాం మామయ్యా. చేను గురించి మాట్లాడుతూ దాన్ని దాటేస్తున్నారు.

మామయ్య: దాటేయట్లేదు. ఛత్రపట్టి చుట్టుపక్కల మగ్గాలన్నీ ఆస్పత్రుల కట్టుబట్ట నేస్తాయి. అది కాటన్ కాబట్టి మైనం, పెక్టిన్, గింజతొక్కు ముక్కలు ఉంటాయి. కియర్ అనే పెద్ద పాత్రలో కాస్టిక్‌తో ఉడకబెట్టి, హైపోక్లోరైట్‌తో తెల్లబరచకపోతే ఆస్పత్రి తీసుకోదు. నీళ్లలో వేస్తే 10 సెకన్లలో మునగాలి, తెల్లగా ఉండాలి. పుండు మీద వేసే గుడ్డ. ఏదో సరదాకి చేసే రంగుల పని కాదు.

మేనకోడలు: మునగడం కాస్టిక్ ఉడుకు వల్ల వస్తుంది, మైనం పోతుంది కాబట్టి. క్లోరిన్ ఇచ్చేది తెల్లదనం ఒక్కటే. ఆ తెల్లదనం కోసం హైపోక్లోరైట్ పత్తిలోని మిగతా సేంద్రియ పదార్థాలతో కలిసినప్పుడు క్లోరోఫారం మొదలు రకరకాల క్లోరిన్ పదార్థాలు పుడతాయి. చేలో మందు ఎప్పుడో చల్లింది, యార్డులో మాత్రం ఈ రోజు కూడా పుడుతోంది. మీరేమో నీళ్లగుంటలో కల్చర్ పోస్తే సరిపోతుందంటున్నారు.

మామయ్య: గుంటలో బ్యాక్టీరియాతో శుద్ధి చేయడం ప్రతి మురుగునీటి కేంద్రంలో జరిగే పనేగా.

మేనకోడలు: జరుగుతుంది, ఆ చిన్న అణువుల్లో కొన్ని విరుగుతాయి కూడా. క్లోరోఫారంలో చాలాభాగం గాలి కొట్టినప్పుడు ఎగిరిపోతుంది, వాసన కథ మళ్లీ మొదటికి. ఇంకొకటి, బ్యాక్టీరియా ఎంత బాగా పని చేసినా క్లోరిన్ మాయమైపోదు, క్లోరైడుగా మారుతుంది. అంటే ఉప్పు.

మామయ్య: అది దొంగవాదన తల్లీ. సేంద్రియ క్లోరిన్ నుంచి వచ్చే ఉప్పు ఎంత, మేం పోసే కాస్టిక్, హైపోక్లోరైట్‌ల నుంచి వచ్చే ఉప్పు ఎంత? దాని ముందు ఇది లెక్కలోకే రాదు.

మేనకోడలు: లెక్క మీదే సరి. నేనా మాట అన్నది ఎందుకంటే, బ్యాక్టీరియా చేసే పని మీద కళ్లు పెట్టుకున్నవాడికి ఉప్పు కనబడదు. తిరుప్పూరు చూడండి. నొయ్యల్ నది మీద 1992లో ఒరత్తుప్పాళయం ఆనకట్ట కట్టారు, సాగునీటికి. చివరికి అది బ్లీచింగ్, డైయింగ్ యూనిట్ల నీళ్లు నిలిచే చెరువైంది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు ఉన్నాయి, బ్యాక్టీరియాలు ఉన్నాయి, రంగు, మురికి కొంత తగ్గాయి. ఉప్పు తగ్గలేదు, కింది పొలాలు చెడ్డాయి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఒక్క చుక్క బయటికి వదలకుండా చేసేదాకా యూనిట్లు మూసేయమంది. అన్నేళ్లు ఆ ఊరంతా శుద్ధి జరుగుతోందన్న మాట మీదే బతికింది.

మామయ్య: మూసేస్తే ఎంతమంది రోడ్డున పడ్డారో కూడా అదే తీర్పు తర్వాత అందరికీ తెలిసింది. నువ్వు చెప్పింది నేను కాదనను, కాని నా వైపు నుంచి ఒకసారి చూడు. తవ్వి తీయమంటావు, తీసిన మట్టి గుమ్మిడిపూండి గుంతకు పోతుంది. అక్కడ అది విరగదు, ప్లాస్టిక్ కింద నిద్రపోతుంది. కాల్చమంటావు, క్లోరిన్ ఉన్నదాన్ని వేడి తగ్గించి కాలిస్తే డయాక్సిన్లు వస్తాయి, సరిగ్గా కాల్చే కొలిమి ఖర్చు ఏ చిన్న యజమానీ భరించలేడు. కెల్లీకి అమెరికా వైమానిక దళం ఉంది. మాకు ఎవరున్నారు? ఈ ఊళ్లలో మిగిలింది రెండే దార్లు. ఒకటి ఏమీ చేయకపోవడం. రెండోది నీళ్లు, పేడ, బెల్లపుమడ్డి, ఓపిక, మట్టిలోనే ఉన్న బ్యాక్టీరియా. నీ పరిపూర్ణమైన పద్ధతి కోసం ఎదురుచూస్తే మొదటిదే జరుగుతుంది. పేదవాడికి అందే ఒకే ఒక్క శుద్ధిని పట్టుకుని, ఇది నూటికి నూరు కాదు అని నువ్వు తప్పుపడితే, లాభం ఎవరికి?

మేనకోడలు: ఈ మాటకు నా దగ్గర చప్పున జవాబు లేదు. నిజంగానే, చాలా ఊళ్లలో ప్రత్యామ్నాయం బ్యాక్టీరియా కాదు, శూన్యం. కానీ లక్నో దగ్గర ఉమ్మరి గుర్తుందా? లిండేన్, అంటే ఆ గామా రూపం, తీసే ఫ్యాక్టరీ మిగులు పారబోసిన చోటు. ఒక టన్ను లిండేన్ తీస్తే 8 టన్నులకు పైగా పనికిరాని రూపాలు మిగులుతాయి, అవి బయట గుట్టలు పోశారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం రూప్ లాల్ బృందం అక్కడి మట్టిని చదివింది. గ్రాము మట్టిలో 450 మిల్లీగ్రాముల బి.హెచ్.సి.! అంటే మట్టిలో దాదాపు సగం మందే. ఆ మట్టిలో లిన్ జన్యువులు కుప్పలుగా ఉన్నాయి. మీ నమ్మకం ప్రకారం అక్కడ ఎప్పుడో శుభ్రమైపోవాలి. గుట్ట అలాగే ఉంది. తినేవాడు ఉన్నంతమాత్రాన భోజనం అయిపోదు.

మామయ్య: అక్కడ సగం మట్టి మందే. నా చేలో గ్రాముకు మైక్రోగ్రాములు ఉంటే గొప్ప. రెండిటినీ ఒకే తక్కెడలో వేస్తావా? అదే బృందం మొక్కజొన్న కండెల పొడిలో బి90ఎను పెట్టి మట్టిలో కలిపి, మందు తగ్గించి చూపించింది కదా.

మేనకోడలు: చూపించింది. తక్కువ మోతాదు ఉన్న మట్టిలో మీ మాటే నెగ్గుతుంది, అది నేను ఒప్పుకుంటున్నాను. నా భయం చేను గురించి కాదు. "బ్యాక్టీరియా ఉందిగా" అన్న మాట రేపు ఎవరికి అనుమతిపత్రం అవుతుందన్నది. పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు, చుట్టూ ఉన్న మందుల ఫ్యాక్టరీల నీళ్లన్నీ బ్యాక్టీరియాకు అప్పగించారు. 2007లో స్వీడన్ బృందం ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను చూస్తే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. అందులోనూ ఒక ఫ్లోరిన్ ఉంది, అదీ హాలోజనే. అక్కడి బ్యాక్టీరియా నేర్చుకున్నది మందును విరవడం కాదు, మందును తట్టుకోవడం. మనం ఎటువైపు ఒత్తిడి పెడితే అవి అటువైపు నేర్చుకుంటాయి. ఆ ఒత్తిడి పెట్టేది మీరు, మీ బ్లీచింగ్ యార్డు.

మామయ్య: అది యాంటీబయాటిక్, ఇది క్లోరిన్. పోలిక పూర్తిగా కుదరదు.

మేనకోడలు: పూర్తిగా కుదరదు. అయినా నాకు నిద్రపట్టనిది అదే.

మామయ్య: సరే, చేను దగ్గర మనకు ఎక్కడ తేడా మిగిలిందో చెప్పు.

మేనకోడలు: చేను మీ పద్ధతిలోనే చేయండి. నీళ్లు నిలపండి, పేడ వేయండి. కానీ వరి నాటడానికి ముందు, కోశాక రెండుసార్లూ మట్టి తీద్దాం. బీటా పాలు ఎంత పెరిగిందో, డి.డి.ఇ. ఎంతో, డి.డి.డి. ఎంతో వేర్వేరుగా కొలుద్దాం. ఆల్ఫా బి.హెచ్.సి.కి అద్దంలో ప్రతిబింబంలా రెండు రూపాలు ఉంటాయి. మందు గాలికి ఎగిరితే రెండూ సమంగానే ఎగురుతాయి, ఆవిరికి తేడా తెలీదు. ఎంజైముకు తెలుస్తుంది, ఒకదాన్ని ముందు విరుస్తుంది. రెండిట్లో ఒకటి తక్కువైతే మీరు నెగ్గినట్టు. అప్పుడు నేనే మీ పేరు పెట్టి వ్యాసం రాస్తాను. మొదటి పంట ధాన్యం మాత్రం ఇంట్లో తినకూడదు.

మామయ్య: ఒప్పుకున్నాను. ధాన్యం సంగతి కూడా. యార్డు?

మేనకోడలు: యార్డుకు క్లోరిన్ ఆపి పెరాక్సైడ్‌కు మారాలి. అందులో ఈ క్లోరిన్ పదార్థాలు అసలు పుట్టవు. పుట్టనిదాన్ని ఏ బ్యాక్టీరియా విరవాల్సిన పని లేదు.

మామయ్య: పెరాక్సైడ్‌కు దాదాపు మరిగే వేడి కావాలి, స్టెబిలైజరు కావాలి, బాయిలరు కట్టెల ఖర్చు పెరుగుతుంది. ప్రభుత్వ ఆస్పత్రి టెండరులో తక్కువ ధర రాసినవాడికే ఆర్డరు. క్లోరిన్‌తో చేసినవాడు పైసా తక్కువ రాస్తాడు, నేను ఇంటికి పోతాను. నా బ్యాక్టీరియా నీళ్లగుంటలో కొంతైనా తింటుంది. టెండరు బాబు ఏమీ తినడని నీకు గ్యారంటీ ఏంటి?

మేనకోడలు: అందుకే టెండరులోనే రాయించాలి, క్లోరిన్ లేకుండా బ్లీచ్ చేసిన బట్టే కొనాలని. అప్పుడు అందరికీ ఒకే ఖర్చు.

మామయ్య: అది నువ్వు రాయించు. రాయించే వరకు నా గుంటలో కల్చర్ పోస్తాను.

మేనకోడలు: పోయండి. ఆ డ్రమ్ము మీద పరీక్షించి ధ్రువీకరించినట్టు నా సంతకం మాత్రం అడగొద్దు.

మామయ్య: సంతకం లేకుండానే పోస్తాను. టెండరు మార్చిన ఆస్పత్రి ఒక్కటి చూపించు, ఆ రోజే క్లోరిన్ పీపాలు తిప్పి పంపుతాను.

మేనకోడలు: మీరూ వస్తారా, అడగడానికి? బట్ట నేసేవాడు వచ్చి అడిగితే వినడం వేరు, ల్యాబులోంచి నేను అడిగితే వినడం వేరు.

మామయ్య: కణ్మాయి నిండాక చూద్దాం. ముందు నా వరిమడి లెక్క రానీ.